రౌండుకో బుక్క

ఫోన్ మోగినప్పుడు మా తోటికోడలు రాణి అక్క కుడిచెయ్యి నిండా పప్పన్నం ఉంది. ఎడమచేతిలో పళ్ళెం. ఫోనేమో నడుము దగ్గర దోపుకొని ఉంది. నేను పనిచేసే బడి నుంచి అప్పుడే వచ్చి గేటు తీస్తున్నాను. "స్వర్ణా, జర తియ్యవా" అంటే నేనే ఫోన్ తీసి, మీట నొక్కి, ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాను. అక్క "అవునండీ" అంది. "థాంక్యూ సర్" అంది. మళ్ళీ "థాంక్యూ సర్" అంది. ఆ రెండో థాంక్యూకు ఆమె కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే, అవతలి మాట ఒక్కటీ వినబడకపోయినా నాకు సంగతి తెలిసిపోయింది. చర్లపల్లి కంపెనీ వాళ్ళు. అకౌంట్స్ సెక్షన్‌లో ఉద్యోగం. వచ్చే సోమవారం చేరాలి.

సరిగ్గా అప్పుడే మామయ్య స్కూటర్ గల్లీ మలుపు తిరిగి వచ్చింది. ముందు నిలబడ్డ విక్కీ ఎప్పటిలాగే దూరం నుంచే నోరు తెరిచాడు. అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే మా ముందు నుంచి వెళ్ళిపోయింది.

కొంచెం దూరంలో స్కూటర్ ఆగింది. మామయ్య వెనక్కి తిరిగి, "ఏంది బిడ్డా, రౌండు ఖాళీ పోయె" అన్నాడు.

"మామా, నౌకరి వచ్చింది" అంది అక్క. అని, పప్పన్నం చేత్తోనే నన్ను గట్టిగా వాటేసుకుంది. ఉప్పల్‌లో మా ఆయన దయాకర్ తనే రంగు ఎంచి కొనిచ్చిన చీర నా ఒంటి మీద ఉంది. వీపు మీద ఐదు వేళ్ళ పసుపు మరక పడింది. పెళ్ళై మూడు నెలలే అయిన మనిషికి మరక కూడా ముచ్చటగానే కనిపిస్తుంది. అద్దంలో వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నాను.

ఈ రౌండు సంగతి ఏమిటో చెప్పాలి. నాకైతే పెళ్ళైన కొత్తలో దయాకర్ నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. విక్కీ అంటే విక్రమ్, మా బావగారి, రాణి అక్కల కొడుకు. మూడేళ్ళు నిండాయి. వాడు నేల మీద కూర్చుని తినడు. కుర్చీలో, ఒళ్ళో, టీవీ ముందు, ఎక్కడా తినడు. నడుస్తున్న స్కూటర్ మీద మాత్రమే తింటాడు. మాటలు రాని రోజుల్లో ఒకసారి ఏడుపు ఆపలేక మామయ్య వాణ్ణి స్కూటర్ ఎక్కించి తిప్పితే, వెనక కూర్చున్న అత్తమ్మ ఒక ముద్ద పెట్టిందట. గుటుక్కున మింగాడట. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారట. ఆ పండగ ఇంకా అయిపోలేదు.

తర్వాత అత్తమ్మ మోకాళ్ళు ఎక్కి దిగడానికి ఒప్పుకోలేదు. అప్పుడు మామయ్య ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆయన మౌలాలిలో రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. వెనకటి రోజుల్లో కదిలే ఇంజన్‌లోంచి డ్రైవరు చెయ్యి చాపితే, కింద నిలబడ్డ మనిషి ముందు దారి ఖాళీ అని తెలిపే టోకెన్ రింగు అందించేవాడట. బండి ఆగకూడదు, టోకెన్ పడిపోకూడదు. ఆ పద్ధతిని నాచారంలో మా గల్లీకి తెచ్చాడు. స్కూటర్ మా గేటు దగ్గర బయలుదేరి, వెనక గల్లీ చుట్టి, మళ్ళీ గేటు ముందుకు వస్తుంది. అక్క పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంటుంది. స్కూటర్ నెమ్మదిస్తుంది, నోరు తెరుచుకుంటుంది, బుక్క లోపలికి పోతుంది, స్కూటర్ సాగిపోతుంది. రౌండుకో బుక్క. పొద్దున ఇడ్లీకి ఇదే, మధ్యాహ్నం అన్నానికి ఇదే, సాయంత్రం మళ్ళీ ఇదే. విక్కీకి కాళ్ళు ఉన్నది నిలబడి స్వారీ చెయ్యడానికేనని గల్లీలో అనుకునేవాళ్ళు.

సాయంత్రం బావ స్వీట్ డబ్బాతో వచ్చాడు. అందరం తిన్నాం. తింటూ ఉండగా ఎవరికో అసలు ప్రశ్న తట్టింది. సోమవారం నుంచి గేటు దగ్గర ఎవరు నిలబడతారు?

అత్తమ్మ వెంటనే చెప్పేసింది. కోడలు నౌకరి చెయ్యొద్దని తాను ఏనాడూ అనదు, కానీ తనను గేటు కాడ నిలబడమని ఎవరూ అనొద్దు. బావది కంపెనీ షిఫ్టు, దయాకర్‌ది ఇంకో షిఫ్టు. నాకు పొద్దున బడి. మామయ్య ఒక్కడే బండి నడుపుతూ బుక్క పెట్టలేడు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. బావ స్వీట్ ముక్క పక్కన పెట్టి, పిల్లవాడు తినడం నేర్చుకునే దాకా నౌకరి ఆపుకోమన్నాడు. మెల్లగానే అన్నాడు. విక్కీ పుట్టకముందు అక్క లెక్కలు చూసే పని చేసేదట. మళ్ళీ పని కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో, ఎన్నిసార్లు చీర మడతలు సరిచేసుకొని ఉత్త చేతులతో వచ్చిందో దయాకర్ నాకు చెప్పాడు. ఆ రోజు ఆమె స్వీట్ డబ్బాకు మూత పెట్టి, నాలుగు మూలలా గట్టిగా నొక్కింది.

అప్పుడు అందరూ ఒక్కొక్కరే నా వైపు తిరిగారు.

ఎందుకంటే నేను హోమ్ సైన్స్ చదివాను. చిన్నపిల్లల ఆహారం అనే పేపర్లో నాకు కాలేజీ ఫస్టు. పైగా నేను పనిచేసేది సుశీలమ్మ గారి ప్లే స్కూల్లో. ఫ్యాక్టరీలకు వెళ్ళే తల్లులు పిల్లలను అక్కడ దింపి వెళ్తారు. నేను చేరాక చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కట్లు బంద్ చేయించాను. రాగి జావ, ఉడికించిన శనగలు, జొన్నరొట్టె ముక్కలు, ఆకుకూర పప్పు మొదలుపెట్టించాను. గోడ మీద చార్టు కూడా వేశాను, చాలా అందమైన చార్టు. తిండి విషయంలో సుశీలమ్మ గారు నా మాట విన్నారు. పెరటి విషయంలో మాత్రం వినలేదు. వెనక మంచి పెరడు ఉంది, తాళం వేసి ఉంటుంది. పిల్లలు ఉరికితే పడతారు, పడితే మోకాళ్ళు దోక్కుపోతాయి, సాయంత్రం తల్లులకు జవాబు నువ్వు చెప్తావా అనేవారు. అందుకని మా పిల్లలు పొద్దున్నుంచీ చాపల మీద బుద్ధిగా కూర్చుని, అంతే బుద్ధిగా రాగి జావ వదిలేసేవాళ్ళు.

"నాకు వదిలెయ్యండి" అన్నాను అందరితో. ఎంత ధైర్యంగా అన్నానంటే దయాకర్ టేబుల్ కింద నా కాలు తొక్కాడు. మెచ్చుకోలు అనుకున్నాను. హెచ్చరిక అని తర్వాత చెప్పాడు.

మర్నాడు సుశీలమ్మ గారిని అడిగాను. బడిలో ఒకే ఒక సీటు ఉంది, దానికోసం ఇంకో ఇంటివాళ్ళు కూడా తిరుగుతున్నారు. ఆమె నియమం ఒకటే. పిల్లవాడు చాప మీద కూర్చుని తన చేత్తో తినాలి. తింటే సీటు వాడిది. సరే, ఇవాళే కూర్చోబెట్టి చూడు అన్నారు. పరుగున ఇంటికొచ్చి విక్కీని ఎత్తుకొని పోయాను.

మధ్యాహ్నం గంట కొట్టాక పాతికమంది పిల్లలు వరసగా కూర్చున్నారు. విక్కీ కూడా కూర్చున్నాడు. వాడు పళ్ళెంలోకి చూశాడు. లేచాడు. పక్కనున్న ఖాళీ పళ్ళెం తీసి రెండు చేతులతో హ్యాండిల్‌లా పట్టుకున్నాడు. డుర్ర్‌మని నోటితో స్టార్ట్ చేసి, హాలు చుట్టూ ఒక రౌండు కొట్టి, నా ముందు నెమ్మదించి నోరు తెరిచాడు.

పెట్టకూడదు. కాలేజీ ఫస్టు వచ్చిన పేపర్లో ఆ సంగతి మొదటి పేజీలోనే ఉంది. కానీ ఆ నోరు అంత నమ్మకంగా తెరుచుకుంటే ఏం చెయ్యను? ఒక్క బుక్క పెట్టాను.

రెండో రౌండుకు వాడి వెనక ఇద్దరు ఉన్నారు. మూడో రౌండుకు హాల్లో చాపల మీద ఎవరూ లేరు. పాతికమంది పాతిక పళ్ళేలు తిప్పుకుంటూ, రకరకాల ఇంజన్ శబ్దాలతో, నా ముందు నోళ్ళు తెరుచుకొని వరస కట్టారు. నేను రెండు చేతులతో పెట్టుకుంటూ పోతున్నాను. లారీ అయిన ఒక పిల్లవాడు మలుపులో అదుపు తప్పి, అప్పుడే తలుపు తీసుకొని వచ్చిన సుశీలమ్మ గారి పొట్టకు గుద్దుకున్నాడు.

ఆమె హాలంతా ఒకసారి చూశారు.

"స్వర్ణలతా, ఇది బడా, ఉప్పల్ చౌరస్తానా?" అన్నారు.

సాయంత్రానికల్లా ముగ్గురు తల్లులు వచ్చి, ఇంట్లో స్కూటర్ లేదు మేడమ్, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగారట. సుశీలమ్మ గారు నన్ను పిలిచి, శనివారం దాకా చూస్తాను, ఆ తర్వాత సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాను అన్నారు. ఆమె అంత కోపంగా ఉన్నా నాకు ఆమె మీద ఇష్టం కలిగింది, ఎందుకంటే చీర కుచ్చిళ్ళ మీద పప్పు మరకలు ఆమెకూ అయ్యాయి.

మర్నాడు పొద్దున ఇంట్లో నా చదువంతా బయటికి తీశాను. ఇడ్లీకి క్యారెట్ ముక్కలతో కళ్ళు పెట్టాను, బీట్‌రూట్‌తో మూతి, కొత్తిమీరతో జుట్టు. అది ఎంత బాగా కుదిరిందంటే దయాకర్‌ను నిద్ర లేపి చూపించాను. అతను, అచ్చం మా మేనేజర్ లెక్కనే ఉన్నడు అన్నాడు. విక్కీ ముందు పెడితే వాడు కాసేపు చూసి, కొంచెం వెనక్కి జరిగి, "చిన్నమ్మా, అది సూస్తుంది" అన్నాడు. చూసేదాన్ని ఎట్లా తింటాడు పాపం. మామయ్య మొహమాటం లేకుండా కళ్ళతో సహా తినేసి, స్కూటర్ బయటికి తీశాడు.

ఆ మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే పెద్ద రోడ్డు మీద ఊరేగింపు ఉంది. తెలంగాణ కోసం రోజూ ఏదో ఒకటి నడుస్తున్న రోజులు అవి. జనంలో నుంచి పోలేక వెనక గల్లీలోంచి వచ్చాను. చలపతిరావు గారి కిరాణా కొట్టు ముందు మా స్కూటర్ ఆగి ఉంది. చలపతిరావు గారు అలవాటైన చేత్తో గాజు సీసాలోంచి ఒక టోస్టు తీసి విక్కీకి ఇచ్చారు. విక్కీ బుగ్గలో దాచుకున్న అన్నం బుక్కను మామయ్య అరచేతిలో ఊసి, టోస్టు అందుకున్నాడు. మామయ్య అటూ ఇటూ చూసి అరచేతిలోది నోట్లో వేసుకున్నాడు. అటు చూసినప్పుడు నేను కనిపించాను.

ఇంతకాలం గేటు దగ్గర అక్క పెట్టిన బుక్కలన్నీ ఎక్కడికి పోతున్నాయో అప్పుడు తెలిసింది. మామయ్య పొట్ట ఎందుకు పెరుగుతోందో, దవాఖానాలో డాక్టరు ఆయన్ను అన్నం తగ్గించమంటే మా అత్తమ్మ రోజూ కొలిచి పెట్టినా ఎందుకు తగ్గడం లేదో కూడా తెలిసింది. విక్కీ కడుపులోకి మాత్రం టోస్టులు, చిప్స్, రంగు పిప్పరమెంటు బిళ్ళలు. అందుకే వాడికి రెండురోజులకు ఒకసారి కడుపునొప్పి.

మామయ్య చాలాసేపు స్కూటర్ అద్దం తుడిచాడు. తర్వాత చెప్పాడు, మొదట్లో ఒక్కసారే ఇప్పించాడట, బుక్క మింగితే బిళ్ళ అని. తర్వాత పిల్లవాడు బిళ్ళ ఉంటేనే స్కూటర్ ఎక్కేవాడట. ఊసిన అన్నం పారెయ్యడానికి చేతులు రాలేదట, రాణి అంత కష్టపడి కలిపిందని.

"రాణికి చెప్పకు బిడ్డా" అన్నాడు. "పిలగాడు నాతోని తిరుగుడు బంద్ అయితే నేను పొద్దంత ఏం జెయ్యాలె?"

చెప్పనని మాటిచ్చాను. ఆ సాయంత్రం దయాకర్‌కు మాత్రం చెప్పాను. భర్తకు చెప్పడం చెప్పినట్టు కాదని మా ఇద్దరి మధ్య కొత్తగా చేసుకున్న ఒప్పందం. అతను పకపకా నవ్వి, ఆ తర్వాత గంభీరంగా మొహం పెట్టి, వదిన సోమవారం పోకపోతే నాకు బాగుండదు స్వర్ణా అన్నాడు. నాకూ బాగుండదు అన్నాను. ఇద్దరం డాబా మీద నిలబడి ఒకే గ్లాసులో చాయ్ తాగాం, ఒక్క ఆలోచనా రాలేదు.

శుక్రవారం బంద్. బస్సులు లేవు, బడులు లేవు, పెట్రోల్ బంకులు ముందురోజు నుంచే మూసేశారు. మామయ్య పొద్దున వాకిట్లో నిలబడి, తెలంగాణ కోసం ఒక్కరోజు పెట్రోల్ లేకుంటే ఏమైతదని గల్లీ మొత్తానికి వినబడేలా చెప్పాడు. మధ్యాహ్నం మొదటి రౌండులో మా గేటు దాటగానే స్కూటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన బండిని పక్కకు వంచి చూశాడు. కిక్కు కొట్టాడు. మూత తీసి లోపలికి ఊదాడు. పెట్రోల్ లేదు.

విక్కీ ముందు నిలబడి, తాతా పోనియ్యి అంటున్నాడు. గేటు దగ్గర అక్క పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంది. ఆ రోజు జొన్నరొట్టె, పాలకూర పప్పు. బావ డాబా మీద నుంచి చేతులు కట్టుకొని చూస్తున్నాడు. ఆ చూపులో సోమవారం సంగతి తేలిపోయినట్టే ఉంది. అక్క అటు చూడకుండా రొట్టెను ఇంకా చిన్న చిన్న ముక్కలు చేస్తోంది.

మామయ్య చొక్కా చేతులు మడిచాడు. హ్యాండిల్ పట్టుకొని, విక్కీని దింపకుండానే స్కూటర్‌ను తొయ్యడం మొదలుపెట్టాడు.

నాలుగిళ్ళు దాటేసరికి ఆయన ముక్కులోంచి స్కూటర్ శబ్దమే వచ్చింది. దయాకర్ పరిగెత్తిపోయి వెనక చెయ్యి వేశాడు. బంద్ వల్ల ఇంట్లోనే ఉన్న గల్లీ పిల్లలు ఇది చూశారు. ఒకడు వచ్చాడు, వాడి చెల్లెలు వచ్చింది, తర్వాత ఎవరు ఎవరో లెక్క తెలియలేదు. ముందు హ్యాండిల్ పట్టుకొని మామయ్య, వెనక గోలగోలగా గుంపు. వెనక గల్లీలో చలపతిరావు గారి కొట్టుకు కూడా షట్టర్ వేసి ఉంది. స్కూటర్ అక్కడ ఆగింది కానీ ఊరికే ఆగింది. మళ్ళీ కదిలింది.

గేటు ముందుకు వచ్చేసరికి విక్కీ నోరు తెరవలేదు. వాడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వాడి జీవితంలో మొదటిసారి సరదా అంతా స్కూటర్ వెనక ఉంది, ముందు వాడొక్కడే ఉన్నాడు.

"దింపు తాతా" అన్నాడు.

అక్క కంగారుపడింది. దిగితే ఇంక తినడు, పొద్దున ఇడ్లీ కూడా సరిగ్గా పోలేదు కడుపులోకి అంది. అత్తమ్మ లోపలి నుంచి అదే మాట అంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. దింపండి మామయ్యా అన్నాను. దింపాడు. విక్కీ వెనక్కి ఉరికాడు. అన్నం తినే వేళకు వాడు నేల మీద ఉరకడం మా ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. రెండు చేతులూ స్కూటర్‌కు ఆనించి, తల కిందికి వంచి, మొత్తం బండిని తానే నెడుతున్నట్టు నెట్టాడు.

రెండు రౌండ్లు అయ్యాయి. మూడోసారి గేటు దగ్గరికి వచ్చినప్పుడు మామయ్య ఇంక నావల్ల కాదని మెట్టు మీద కూలబడ్డాడు. విక్కీ జుట్టంతా చెమట. వాడు అక్క దగ్గరికి వచ్చి, పళ్ళెం అంచు పట్టుకొని కిందికి లాగాడు. లోపలికి చూశాడు. పళ్ళెం తీసుకున్నాడు. తాత పక్కన మెట్టు మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని, రొట్టె ముక్క పప్పులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

ఎవ్వరం కదల్లేదు. దయాకర్ స్కూటర్ పట్టుకొని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. అత్తమ్మ గడప దగ్గరికి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకో ముక్క. ఇంకోటి. పప్పు మోచేతి దాకా కారింది. పళ్ళెం ఖాళీ అయ్యాక వాడు దాన్ని బోర్లించి చూసి, "ఇంగ లేదా?" అన్నాడు.

రాణి అక్క వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. నేను వెళ్ళి చూస్తే, రొట్టెల డబ్బా ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. బయట నుంచి మామయ్య గొంతు వినబడింది, "నాకు గూడ తే బిడ్డా, పానం పోతున్నది". తెచ్చాక తినబోయి, ఎందుకో ఆగి, చలపతిరావు గారి టోస్టుల సంగతి తనే చెప్పేశాడు. అక్క మొహం మారింది. మామయ్య తల ఎత్తలేదు. అక్క ఆయన పళ్ళెంలోంచి ఒక రొట్టె వెనక్కి తీసుకుంది. శిక్ష అంతే. కానీ ఆ ఒక్క రొట్టె కోసం ఆయన చూసిన చూపు మా అందరికీ చాలా రోజులు గుర్తుండేలా ఉంది.

ఆ సాయంత్రం నేను కలలో ఉన్నట్టు ఇల్లంతా తిరిగాను. పిల్లలకు ఆకలి ముందు కాళ్ళలో పుడుతుందని, అందమైన చార్టులో దాన్ని ఎక్కడా రాయలేదని దయాకర్‌కు చెప్పాను. అతను నా చేతిలో చీపురు తీసుకొని పక్కన పెట్టి, సరే మేడమ్, రేపు బడిలో ఏం తోపిస్తవు, మీ సుశీలమ్మనా అన్నాడు.

స్కూటర్ అయితే సుశీలమ్మ గారు గేటు లోపలికి రానివ్వరు, పైగా పిల్లల మీద పడితే ప్రమాదం. మామయ్యే దారి చూపించాడు. మర్నాడు బంద్ లేదు. పొద్దున్నే పంక్చర్ షాపుకు పోయి పాత స్కూటర్ టైర్లు నాలుగు అడిగి తెచ్చాడు. సబ్బుతో తోమి, భుజాలకు తగిలించుకొని, నాతో పాటు బడికి నడిచి వచ్చాడు. చేతిలో పాత రైల్వే జెండాలు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది.

పెరటి తాళం కోసం సుశీలమ్మ గారిని బతిమాలవలసి వచ్చింది. పడితే ఎవరు జవాబు చెప్తారని అడిగారు. మామయ్య నేను చెప్తానన్నాడు. ఆమె ఆయన్ను, టైర్లను, జెండాలను చూసి, అరగంట మాత్రమే అని తాళం చెవి ఇచ్చారు. మామయ్య ముందు పెరడంతా వంగి రాళ్ళు ఏరాడు. తర్వాత పిల్లలను జతలు జతలుగా నిలబెట్టాడు. పచ్చజెండా ఊపితే టైర్లు దొర్లాయి. ఎర్రజెండా ఎత్తితే కొన్ని ఆగాయి, కొన్ని గోడకు తగిలి ఆగాయి. ఒక పాప పడింది. ఆ పాప లేచి, మోకాలు చూసుకొని, టైరు వెనక మళ్ళీ ఉరికింది. సుశీలమ్మ గారు కిటికీలోంచి చూస్తున్నారు. అరగంట దాటిపోయింది, ఆమె పిలవలేదు.

చేతులు కడిగించి చాపల మీద కూర్చోబెట్టాం. పాతికమందిలో సగం మంది వడ్డించకముందే పళ్ళేలు వాయిస్తున్నారు. విక్కీ కూర్చున్నాడు. సుశీలమ్మ గారు వచ్చి సరిగ్గా వాడికి ఎదురుగా నిలబడ్డారు. వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నోరు తెరిచాడు.

తెరిచి, అట్లాగే కూర్చున్నాడు. ఎవరైనా పెడతారని.

నేను నా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. తలుపు దగ్గర మామయ్య తన నోరు కూడా తెరిచాడు, ఆయనకు తెలియకుండానే. రాణి అక్క ఇంట్లో ఏం చేస్తోందో అనుకున్నాను. ఆ నోరు ఎంతసేపు తెరుచుకొని ఉందంటే నాకు వాడి కొండనాలుక బాగా గుర్తుండిపోయింది.

విక్కీ పక్కన కూర్చున్న పాప తన రొట్టె అయిపోయి, చెయ్యి చాపి వాడి పళ్ళెంలో నుంచి ఒక ముక్క తీసుకుంది. వాడు నోరు మూశాడు. పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. ఎడమ మోచేతితో చుట్టూ కంచె కట్టి, కుడిచేత్తో గబగబా తినడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి ఆ పాప పళ్ళెంలోంచి శనగలు కూడా తీసుకున్నాడు, లెక్క సరిపెట్టడానికి కాబోలు.

సుశీలమ్మ గారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నేను వెనకాలే ఉరికాను. ఆమె గదిలో కూర్చుని, పెరటి తాళం చెవిని తన గుత్తిలోంచి విడదీస్తున్నారు.

"పిల్లవాణ్ణి సోమవారం పంపించండి" అన్నారు. "టైర్లాయన కూడా రావాలి. ఆయన రాకపోతే పెరడు తియ్యను."

మామయ్యకు ఈ మాట చెప్తే ఆయన జెండాలు చుట్టడం ఆపి, జీతం గిట్ల వద్దని చెప్పు బిడ్డా, మధ్యాహ్నం ఒక పళ్ళెం పెడితే సాలు అన్నాడు. పళ్ళెంలో ఎంత పెట్టాలో అత్తమ్మ చెప్తుంది అన్నాను.

ఆదివారం సాయంత్రం ఇంట్లో ఎవరి హడావుడి వాళ్ళది. బావ తనే అక్క చెప్పులకు పాలిష్ పెడుతున్నాడు, అడగకుండానే. అత్తమ్మ జొన్నపిండి జల్లెడ పడుతూ, బడిలో రొట్టెలు మందంగా చేస్తున్నారట, రేపు తాను వచ్చి కూర్చున్నచోట నుంచే చేసి చూపిస్తుందట, మోకాళ్ళతో పని లేదట. మామయ్య రేపు విక్కీని నడిపించుకునే తీసుకుపోతానన్నాడు. విక్కీ నడవనంటే అని నేను అడిగితే, నడవనంటే టైరు ముందు దొర్లిస్తా, దాని ఎనక వాడే ఉరుకుతడు అన్నాడు. స్కూటర్ ఖాళీ అవుతోంది కాబట్టి రేపు షిఫ్టు దిగగానే నన్ను ఉప్పల్ తీసుకుపోయి మిర్చి బజ్జీలు తినిపిస్తానని దయాకర్ నా చెవిలో చెప్పాడు. అందరికీ ఆకుకూరలు పెట్టించే మనిషిని అలా పిలవొచ్చా అంటే, నడిచి పోదాం మరి అన్నాడు. సరేనన్నాను.

రాణి అక్క మంచం మీద తన చీర, బ్యాగు, ఒక చిన్న స్టీలు డబ్బా సర్దుకుంటోంది. రేపు నువ్వేం చేస్తావు అక్కా, మొదటిరోజు ఏం పని ఇస్తారట అని అడిగాను. పని సంగతి ఆమెకు ఇంకా తెలియదట.

"రేపు పగటీలి తినే యాళ్లకు" అంది డబ్బా మూత బిగించి, "కుర్చీల కూసోని, రెండు చేతులు ఖాళీగ పెట్టుకోని, నా అన్నం నేను నిమ్మళంగ తింటా."